యోగానంద్ గారి ఏకగ్రీవం

అమెరికాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీ నుంచి రిటైరైన యోగానంద్ గారికి ఇటలీ పిచ్చి. ఆ దేశంలో ఆయన కాలు పెట్టింది లేదు, అంతా పుస్తకాల్లోనే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, ఓట్లూ పార్లమెంటూ ఉన్న దేశం ఆరేడేళ్ళలో ఒక నియంత చేతిలోకి ఎలా జారిపోయిందో లైబ్రరీలో గురువారాలు తోటి పెద్దలకు పాఠం చెప్పేవారు.

"ఆ నియంత మనుషులు, నల్లచొక్కాల వాళ్ళు, రాజధాని మీద పడ్డారంటారు గానీ, తలుపు తీసింది లోపలి పెద్దమనుషులే. సమ్మెలతో, కొట్లాటలతో విసిగిపోయారు. ఒక్క ఏడాది సర్వాధికారాలిద్దాం, దారికి తెస్తాడు, తర్వాత మనమే మెడలు వంచుదాం అనుకున్నారు. ఓటేసి మరీ ఇచ్చారు!" అనేవారు.

ఇంత తెలిసిన మనిషి తన గుమ్మం ముందు చేసిన పని చెప్పబోతే ఒళ్ళు మండుతుంది, వెంటనే జాలీ వేస్తుంది.

చాండ్లర్ తెలుగు సంఘం రెండు ముఠాలై, కోర్టుకెక్కి, మూడేళ్ళు కొట్టుకుని రాజీపడింది. రెండేళ్ళకోసారి ఎన్నిక, ఎవరైనా పోటీ చేయవచ్చు అని కొత్త నియమాలు రాసుకున్నారు. మొదటి ఎన్నికకు అధికారి యోగానంద్ గారే. అధ్యక్ష పదవికి ఇళ్ళు అమ్మిపెట్టే ప్రణవ్ నామినేషన్ వేశాడు. మంచి మాటకారి. "నాకు ఒక్క టర్మ్ ఇవ్వండి అంకుల్, మొత్తం సెట్ చేసేస్తా," అన్నాడు. అతనికి ఎదురు నిలిచింది యోగానంద్ గారి పాతికేళ్ళ స్నేహితుడు కృష్ణమోహన్. కృష్ణమోహన్ భార్య శాంతి సంఘం తరఫున ఆదివారాలు పిల్లలకు తెలుగు బడి నడిపేది.

పోటీ లేకుండా ఎన్నిక జరిగితే మనవాళ్ళకు అదో ఘనకార్యం. పంచాయతీ ఏకగ్రీవమైందని ఊళ్ళో గొప్పలు చెప్పుకునే అలవాటు విమానమెక్కి అమెరికాకీ వచ్చింది. యోగానంద్ గారు స్నేహితుడి ఇంటికి వెళ్ళి బతిమాలారు.

"మళ్ళీ గొడవలెందుకు మోహన్? విత్‌డ్రా చేసుకో, ఏకగ్రీవం చేసేద్దాం. అతను తేడా చేస్తే నేను లేనూ?"

కృష్ణమోహన్ విత్‌డ్రా కాగితం ముందుకు లాక్కున్నాడు. "నువ్వున్నావన్న ధైర్యంతోనే రా," అని సంతకం పెట్టాడు.

చప్పట్లు మోగాయి, శాలువాలు కప్పారు. ఆరు నెలలకు, వాట్సాప్ గ్రూపులో అధ్యక్షుడు తప్ప ఎవరూ రాయకూడదన్నారు. పోనీలే, పోట్లాటలు తగ్గాయి అనుకున్నారు యోగానంద్ గారు. ఏడాదికి, సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడి పదవీకాలం ఐదేళ్ళు చేయాలని తీర్మానం వచ్చింది. అందరితోపాటు ఆయనా చెయ్యెత్తారు.

కృష్ణమోహన్ ఒక్కడే లేచాడు. "చేతులెత్తడం కాదు, బ్యాలెట్ పెట్టండి," అన్నాడు. ప్రణవ్ మనుషులు చుట్టుముట్టి, అరిచి, రెక్క పట్టుకుని బయటికి నెట్టారు. గుమ్మం దగ్గర అతను వెనక్కి తిరిగి స్నేహితుడి వైపు చూశాడు. యోగానంద్ గారు అజెండా కాగితం చదువుతున్నట్టు నటించారు.

ఆ వారమే కృష్ణమోహన్ సభ్యత్వం రద్దయింది. సభ్యులు కానివాళ్ళు బడి నడపకూడదని శాంతి తరగతీ తీసేశారు. పద్దెనిమిదేళ్ళుగా నడిపిన బడి అది.

తర్వాతి గురువారం, ఇటలీ పార్లమెంటులో ధైర్యంగా లేచి మాట్లాడిన సభ్యుణ్ణి ఎత్తుకెళ్ళి చంపేసిన సంగతి చెబుతున్నారు. ముందు వరుసలోని జయంతి గారు అడిగారు, "మరి అక్కడున్న మంచివాళ్ళంతా ఏం చేస్తున్నారండీ?"

యోగానంద్ గారు పుస్తకం మూసేశారు. పాఠం అక్కడితో ఆపేసి, తిన్నగా కృష్ణమోహన్ ఇంటికి డ్రైవ్ చేశారు.

కృష్ణమోహన్ గదిలోంచి బయటికి రాలేదు. శాంతి మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన సిగ్గుతో చితికిపోయారు.

"తప్పు నాదేనమ్మా. నలుగురూ కలిసుంటారని అలా చేశాను. నేను చెడ్డవాణ్ణి కాదు శాంతీ."

"తెలుసు అన్నయ్యగారూ," అంది శాంతి. "చెడ్డవారైతే ఆయన మీ మాట వినేవారే కాదు."