ఊరంతటి నెట్‌కూ ఒకే పేరు

బెన్నీకి కానిస్టేబుల్ ఉద్యోగం రావడానికి ఇక మిగిలింది ఒక్కటే: అతని మీద కేసులేమీ లేవని, నడవడిక మంచిదని స్టేషన్ నుంచి మాట వెళ్లాలి. తల్లి రెబ్కా మిరప కోతల్లో చేతులు మండుతున్నా, పక్క సాలు ఆడవాళ్లకు కొడుకు యూనిఫాం గురించి అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది.

ఆ స్టేషన్ నుంచే ఫోన్ వచ్చింది.

దర్శి పక్కన ఒక ఊళ్లో కేబుల్ టీవీ నడిపే బుల్లయ్య దగ్గర బెన్నీ లైన్‌మన్. పెద్ద కంపెనీ నుంచి ఇంటర్నెట్ లైను తెచ్చేటప్పుడు బుల్లయ్య, "నా పేరు మీద ఇప్పటికే గొడవలున్నాయిరా, నీ ఆధార్ ఇవ్వు" అన్నాడు. అది నమ్మకమనుకుని బెన్నీ పొంగిపోయాడు. ఆ ఒక్క లైనునే బుల్లయ్య ఊరంతా పంచాడు. ఒక్కో ఇంటికి ఊరి లోపల ఒక్కో నెట్ అడ్రసు ఉంటుంది, కానీ అది ఊరు దాటితే చెల్లదు. ఏ ఇంట్లోంచి ఏం వెళ్లినా బయటివాళ్లకు కనిపించే అడ్రసు ఒకటే. దాని కింద పేరూ ఒకటే.

ఎవడో నెట్‌లో దొంగ ఖాతా తెరిచి, బడి టీచర్ శ్రీరమ్య ఫొటో పెట్టి బూతులు రాశాడు. అడ్రసు పట్టుకుని వెతికితే పోలీసులకు దొరికిన పేరు బెన్నీది.

"అది ఊరంతా వాడే లైను సార్," అన్నాడు బెన్నీ స్టేషన్లో.

"అయితే ఊరంతా కూర్చుని రాశారంటావా?" ఎస్సై నవ్వాడు. "ఏ ఇంటి నుంచి వెళ్లిందో మీ మిషన్లో నమోదవుతుందిగా, అది చూపించు."

అయ్యేది. క్రికెట్ మ్యాచ్‌లున్నప్పుడు మిషన్ నిండిపోయి నెట్ ఆగుతోందని, జనం తిడుతున్నారని, బుల్లయ్య ఆ నమోదు తీసేయమన్నాడు. తీసేసింది బెన్నీయే.

బుల్లయ్య వచ్చాడు. ఇక బయటపడ్డట్టేననుకున్నాడు బెన్నీ.

"లైను వాడిదేనండి," అన్నాడు బుల్లయ్య ఎస్సైతో. "నేను టీవీ ఛానళ్ల వరకే. ఈ నెట్ సంగతులు నాకేం తెలుసు?"

బయటికొచ్చాక భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, టీచరమ్మకి సారీ చెప్పెయ్. కేసు లేకుండా నేను చూస్తా. ఎవడింటి మీద చూపిస్తాం చెప్పు? రేపు బిల్లు కోసం వాళ్ల గడప తొక్కాలా వద్దా?"

"మరి నా గడపో అండీ?"

బుల్లయ్య బండి స్టార్ట్ చేసుకున్నాడు.

"ఒక్క మాటేగా నాయనా, చెప్పెయ్యి," అని రెబ్కా ఏడ్చింది. బడి వరండాలో బెన్నీ తలొంచుకుని సారీ చెప్పాడు. శ్రీరమ్య అతని వంక చూడలేదు. "మా ఇంట్లో వైఫై పెట్టిన రోజు మా అమ్మ నీకు మజ్జిగిచ్చింది బెన్నీ," అని లోపలికి వెళ్లిపోయింది.

కేసు లేదు. కానీ నడవడిక విచారించడానికి వచ్చిన పోలీసుకు టీకొట్టు దగ్గర అందరూ ఒకటే చెప్పారు: "వాడే ఒప్పుకున్నాడుగా సార్." ఉద్యోగం పోయింది.

బెన్నీ ఒంగోలు వెళ్లి కంపెనీ ఆఫీసులో లైను తీసేయమని రాసిచ్చాడు.

"ఇల్లు మారుతున్నారా సార్?" అనడిగింది అక్కడి అమ్మాయి.

"లేదండి. పేరొక్కటే తీసుకెళ్తున్నా."

సాయంత్రానికి ఊళ్లో నెట్ చచ్చిపోయింది. బుల్లయ్య ఫోన్లో అరిచాడు: "ఎవణ్ణడిగి తీయించావురా?"

"నాదేగా అండీ. స్టేషన్లో మీరే చెప్పారు."

టీకొట్టు దగ్గర దానికీ అర్థం దొరికింది: "తప్పు చేసినోడు కాబట్టే ఇంత కక్ష."

కొన్నాళ్లకే కొత్త లైను వచ్చింది. స్తంభమెక్కి తీగ లాగుతున్న కొత్త లైన్‌మన్ ఆదెయ్య దగ్గరికి వెళ్లి, ఆధార్ ఎవరిదిచ్చారని అడిగాడు బెన్నీ.

"నాదే అన్నా," అన్నాడు ఆదెయ్య పైనుంచి. మొహం వెలిగిపోతోంది. "ఇంతమందిలో నన్నే నమ్మాడు బుల్లయ్యగారు."