కలకత్తా చెప్పిన వాన

తొంభైల చివర్లో ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీ తెలుగు ఆడవాళ్లు వడియాలు పెట్టాలంటే ఆకాశం చూసేవారు కాదు, కృపమ్మ గుమ్మం చూసేవారు. "పిన్నీ, రేపు వాన పడతాదా?" అని ఒక్క కేక వేస్తే చాలు. ఆవిడ చేతిలో పని ఆపకుండానే "సాయంత్రానికి గాలివాన. సల్లబడతాది. పిండి రుబ్బకండి" అనేసేది. కలకత్తా రేడియో బెంగాలీలో ఏం చెబితే అదే. సొంతంగా ఒక్క ముక్క కలిపేది కాదు. ఎవరైనా మెచ్చుకోబోతే మాత్రం మొహం మాడ్చుకుని లోపలికి పోయేది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ముసలమ్మకి ఎంత పొగరో అనుకునేవారు. అనుకోనివ్వండి. ఆ వాన కబుర్లు ఆవిడకి ఎలా అబ్బాయో వాళ్లకేం తెలుసు?

ఒకప్పుడు ఆ ఇంట్లో కలకత్తా రేడియో మోగేదే కాదు. భర్త సుందర్ రాజు నిమ్‌పురా యార్డులో రైలు పెట్టెలు విడదీసి కలిపించే షంటింగ్ జమేదారు. ఖరగ్‌పూర్‌లోనే పుట్టాడు, అక్కడి నీళ్లే తాగాడు, డ్యూటీలో బెంగాలీలో తిట్టి హిందీలో బుజ్జగించి పని చేయించేవాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పాడంటే మాత్రం శ్రీకాకుళం మనిషి. తాత ఎప్పుడో రైలెక్కి వదిలేసి వచ్చిన ఊరది. ఈయన దాన్ని చూసింది ఒకట్రెండు పెళ్లిళ్లకీ ఒక చావుకీ. అయినా "మనూరు" అంటే అదే. చీకటి పడగానే ట్రాన్సిస్టర్ తిప్పి తిప్పి, గరగరల మధ్య తెలుగు వార్తలు పట్టేవాడు. చివర్న వాతావరణం చదివేటప్పుడు ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. కోస్తాంధ్రలో పొడి వాతావరణం అన్నారంటే ఖరగ్‌పూర్‌లోనూ పొడి వాతావరణమే. కళ్లముందు చూరు కారుతున్నా "ఇది నిలిసే వాన కాదులే" అనేవాడు. వింటే నవ్వొచ్చే విషయమే. కృపమ్మ కూడా చాలా ఏళ్లు నవ్వుకుంది.

వాళ్లకి ఒక్కతే కూతురు, ఆలిస్. ఎనభై నాలుగులో పచ్చకామెర్లు వచ్చి తొమ్మిదో ఏట పోయింది. తెలుగు క్రైస్తవుల సమాధుల తోటలో వెనక గోడ వారన పిల్లల వరస ఉంది. అక్కడ పెట్టారు. రాయీ లేదు, ఇటుకా లేదు. మట్టి దిబ్బ, తలవైపు ఒక చెక్క సిలువ. ఏటా ఈస్టర్ ముందు కృపమ్మ బుట్టతో మట్టి మోసి, కుంగిన దిబ్బని ఎత్తు చేసి, సున్నం వేసేది. ఈస్టర్ తెల్లవారుజామున సంఘమంతా పాడుకుంటూ వచ్చి, ఎవరి వాళ్ల దగ్గర వాళ్లు కొవ్వొత్తులు వెలిగించుకునేవారు. బిడ్డకి ఏడాది మొత్తం మీద తల్లి చెయ్యగలిగిన పని అదొక్కటే. దాన్ని ఆవిడ ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

తొంభైలో సంఘ పెద్దలు ఒక మాట తేల్చి చెప్పారు. తోటలో చోటు చాలడం లేదు, ఈ ఈస్టర్ నాటికి ఇటుక కట్టని మట్టి సమాధుల చోట ఇకమీదట కొత్తవాళ్లని పెడతాం అని. ఆ రాత్రి కృపమ్మకి ముద్ద దిగలేదు. సుందర్ రాజు మాత్రం "నా బిడ్డకి మేస్త్రీ ఎందుకు, నేనే కడతాను" అని ఇటుకలు తెచ్చి తోట గేటు దగ్గర పేర్చాడు. దిబ్బ చదును చేస్తే గానీ ఇటుక కూర్చోదు. గుడ్ ఫ్రైడే నాడు నేలలో పార దించకూడదని వాళ్లలో గట్టి పట్టింపు. అందుకని గురువారం చదును చేసి, శుక్రవారం ఊరుకుని, శనివారం కట్టేద్దామనుకున్నాడు.

బుధవారం సాయంత్రం పక్కింటి బెంగాలీ దీదీ రేడియో గోడ మీంచి కృపమ్మ చెవిన పడింది. శుక్రవారం నుంచి ఉరుములు, ఈదురుగాలులు, వాన, ఎండ తగ్గి చల్లబడుతుంది అని. ఆవిడ పరుగున ఇంట్లోకి వచ్చింది.

"ఇనండి, శుక్రారం గాలివానంట. రేపు దిబ్బ తియ్యకండి. శనారం ఒక్కసారే తీసి కట్టీండి."

"ఎవుడు సెప్పినాడు?"

"కలకత్తా రేడియో."

"కలకత్తా వాన కలకత్తాలో పడతాది. మనోళ్లేటి సెప్తారో ముందది ఇను."

మనోళ్లు కోస్తాంధ్రలో పొడి వాతావరణం నెలకొంటుందన్నారు. ఎండలు ఇంకా ముదురుతాయన్నారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల ఊళ్లకి అది నిజమే.

"ఇన్నావా?" అన్నాడు సుందర్ రాజు, తనే గెలిచినట్టు.

గురువారం డ్యూటీ దిగి దిబ్బ తీసేశాడు. రంగు వేయాలని సిలువ పీకి ఇంటికి తెచ్చాడు. చోటు గుర్తుకి చుట్టూ సున్నంతో గీత గీశాడు. "నాలుగు మూలలా గూటాలైనా దిగెయ్యండి" అని కృపమ్మ బతిమాలింది. "నా బిడ్డ సోటు నాకు తెలవదేటే?" అని కసిరాడు.

శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. నాలుగో మాట నడుస్తుండగా కిటికీల్లో వెలుగు పోయింది. పాస్టరుగారికి అది బాగా కలిసొచ్చింది. సిలువ వేసిన ఆ రోజు కూడా సూర్యుడు ఇలాగే మొహం దాచుకున్నాడని గొంతు పెంచారు. ఆడవాళ్లు కొందరు కళ్లొత్తుకున్నారు. చల్లటి గాలి ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చింది. ఉక్కపోతతో అల్లాడుతున్న జనం "అబ్బ!" అని ఊపిరి పీల్చుకున్నారు. కృపమ్మ ఒక్కతే లేచి నిలబడింది. గోనెలు పట్టుకెళ్లి ఆ నేల మీద కప్పాలి, ఇప్పుడు పరిగెడితే అందుకోవచ్చు. మగవాళ్ల వైపు నుంచి సుందర్ రాజు కళ్లెర్రజేసి, కూచోమని చేత్తో సైగ చేశాడు. అందరూ చూస్తున్నారు. ఆవిడ కూర్చుంది. మొగుడి మీద కోపం ఒకెత్తయితే, ఆ కూర్చున్నందుకు తన మీద తనకున్న కోపం ఇంకొకెత్తు. అది చచ్చేదాకా చల్లారలేదు.

శనివారం పొద్దున్న వెళితే గోడ అవతలి కాలవ పొంగి పిల్లల వరసంతా బురద మడి అయిపోయింది. గీత లేదు. పక్క దిబ్బలు కూడా కరిగి, ఏది ఎవరిదో తెలియకుండా ఒకే చదును.

"ఇదే" అన్నాడు సుందర్ రాజు.

"కాదు. అది స్వర్ణకుమారి బాబు సోటు. ఆలిస్ ఇటేపు."

"ఇదేనే! నాకు తెలుసు."

అన్నాడే గానీ, పార దించబోయి ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, ఒక అడుగు పక్కకి జరిగాడు. ఆ అడుగుతో కృపమ్మకి అర్థమైపోయింది. ఈయనకి తెలీదు. ఆ మాటకొస్తే తనకీ తెలీదు. ఆయన మాత్రం అక్కడే ఇటుక కట్టి, సున్నం వేసి, సిలువ నిలబెట్టాడు.

ఈస్టర్ తెల్లవారుజామున స్వర్ణకుమారి కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. ఆలిస్ పక్కనే ఆమె చంటిబిడ్డని పెట్టుకున్నారు. కాసేపు ఆ చదును నేలంతా వెతుక్కుని, ఆ ఇటుక సమాధి దగ్గరే తన కొవ్వొత్తి పెట్టింది. కృపమ్మ అడ్డు చెప్పలేదు. తన కొవ్వొత్తి మాత్రం ఎక్కడా పెట్టలేక చేతిలోనే పట్టుకుని నిలబడింది. మైనం కారి వేళ్లు కాలాయి.

ఆ తర్వాత సుందర్ రాజు తెలుగు వార్తలు వినేవాడు గానీ, వాతావరణం మొదలవగానే రేడియో కట్టేసేవాడు. ఆయన ఒప్పుకోలు అంతే. పొరపాటయింది అనే ఒక్క మాట కోసం కృపమ్మ ఏళ్లతరబడి చూసింది. అన్నం పెడుతూ చూసింది, పక్కన పడుకుని చూసింది. అది రాలేదు. ఆవిడే సొంతంగా ఒక చిన్న రేడియో తెచ్చుకుని, ముల్లు కలకత్తా మీద పెట్టి, ఇంకెక్కడికీ తిప్పలేదు.

తొంభై ఏడు ఎండాకాలం మొదట్లో ఆయన మంచం పట్టాడు. పోయేముందు భార్య చెయ్యి పట్టుకుని "నన్ను ఆలిస్ పక్కన పెట్టించు" అన్నాడు. కృపమ్మ ఔననలేదు, కాదనలేదు. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

ఆ రాత్రే ఆయన పోయాడు. మర్నాడు పొద్దున్నే సంఘ పెద్ద విల్‌ఫ్రెడ్ వచ్చాడు. "అక్కా, ఆలిస్ పక్కనే తవ్వించమంటావా? బావ మరీమరీ సెప్పినాడు."

కృపమ్మ కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి వాటిలో ఏమీ లేదు.

"ఎక్కడైనా తవ్వించు తమ్ముడూ. ఆలిస్ ఎక్కడున్నాదో తెలిస్తే కదా, దాని పక్క ఏదో సెప్పడానికి."

విల్‌ఫ్రెడ్ గుమ్మం వైపు తిరిగాడు. వెళ్లబోతుంటే ఆవిడే వెనక్కి పిలిచింది.

"మధ్యాన్నం లోపల కానిచ్చీండి. కలకత్తా వాన సెప్పింది."

బయట ఎండ మండిపోతోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. విల్‌ఫ్రెడ్ ఎదురు చెప్పకుండా తవ్వేవాళ్లని తొందరపెట్టడానికి వెళ్లాడు.