బాణం లేని పాఠాలు

ఒక మంచి మనిషి గొంతును పది రోజులు కష్టపడి భద్రం చేసి, భద్రం చేసినదంతా ఎవరికీ పనికిరాకుండా చేసిన ఘనుణ్ణి నేను. ఎలా చేశానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

రెండువేల ఐదారు ప్రాంతంలో కర్నూలులో సుబ్బన్నశెట్టి గారి కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. ఆగిపోయిన కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయడం నాకు బాగా వచ్చు. ఆ ఒక్క విద్యకే అందరూ నన్ను ఇంజనీరనేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

సెంటర్ నడిచింది మాత్రం హుసేన్ సార్ వల్ల. పాతికేళ్లు దుకాణాలకు బోర్డులు రాసి, యాభై దాటాక కంప్యూటర్ పట్టిన మనిషి. పెళ్లికార్డులు, పోస్టర్లు చేయడం నేర్పేవారు. కోడుమూరు నుంచి, ఓర్వకల్లు నుంచి పిల్లలు బస్సెక్కి వచ్చేది ఆయన పాఠం కోసమే. అలాంటాయనకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం పోతుందన్నారు డాక్టర్లు.

సుబ్బన్న నన్ను పిలిచాడు. "శీనా, కంప్యూటర్లో చేసేదంతా మాటతో సహా రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఉండాదంట. సారు పాఠాలన్నీ పట్టి పెడదాం. నీకొస్తాదా?"

"శానా సులభం అన్నా" అన్నాను. అలాంటిదొకటి ఉందని నాకు తెలిసింది ఆ క్షణమే.

ఎలాగో సంపాదించి, మొదట నేనే ఐదు నిమిషాలు రికార్డు చేసి చూసుకున్నాను. తెర మీద రెండు బాణాలు కనిపించాయి. ఒకటి నేను మౌసు కదిపితే కదులుతోంది. రెండోది నా మాట వినకుండా దాని పాటికది తిరుగుతోంది. పావుగంట దాని వెంట పడ్డాను, దొరకలేదు. అది రికార్డులో ఉన్న బాణమని, ఉండి తీరాల్సిందదేనని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇంజనీరుకు తెలియలేదు. సెట్టింగుల్లో వెతికి, బాణం చూపమనే చోట టిక్కు తీసేశాను. మళ్లీ రికార్డు చేసి చూస్తే ఒకటే బాణం. అది నా చేతిలోని మౌసుదని తట్టలేదు. రోగం కుదిర్చానని టీ తెప్పించుకుని తాగాను.

సార్ పది రోజులు, నొప్పితో, నీళ్లు గుక్కలు గుక్కలుగా తాగుతూ పద్దెనిమిది పాఠాలు చెప్పారు. ఆ తర్వాత ఆపరేషన్ అయింది.

కొత్త బ్యాచ్ కూర్చుంది. సీడీ పెట్టి టీవీలో వేశాం. సార్ గొంతు హాయిగా వినిపించింది. "చూడండప్పా, ఈ అక్షరాన్ని ఈడ పట్టుకోండి. నిదానంగా ఈడికి లాగండి." తెర మీద బాణం లేదు. అక్షరం మాత్రం తనంతట తానే నడిచిపోయింది. పీటల మీద పెళ్లికొడుకు లేకుండా తాళి గాల్లో తేలివచ్చి కట్టుకున్నట్టుంది.

"యాడ పట్టుకోవల్ల సార్?" అంది ముందు వరసలో అమ్మాయి.

"ఈడ" అన్నారు సార్, టీవీలోంచి.

"ఏమైంది శీనా?" అన్నాడు సుబ్బన్న.

"మౌసు తేడా అన్నా."

మౌసు కింద బంతి తీసి తుడిచాను. మౌసు మార్చాను. సీడీలు మళ్లీ కాపీ చేశాను. కంప్యూటర్‌ను పదిసార్లు ఆపి మళ్లీ వేశాను. రెండో రోజు మధ్యాహ్నం సెట్టింగులు తెరిస్తే, నేను టిక్కు తీసిన గడి ఖాళీగా కనబడింది. టిక్కు పెట్టాను. కొత్త రికార్డింగులో బాణం వచ్చింది. పాత పద్దెనిమిదింటిలో ఇక ఎప్పటికీ రాదు.

సార్ ఇంటికి వెళ్లాను. మెడకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. జరిగిందంతా చెప్పి, "నేనే చేసినాను సార్" అన్నాను. కోప్పడాలన్నా ఆయనకు గొంతు లేదు. అది నన్ను మరీ కుంగదీసింది.

ఆయన పలక తీసుకుని, బోర్డులు రాసిన చేతితో గుండ్రంగా రాశారు: "గొంతు సీడీలో ఉండాది. చెయ్యి నా కాడ ఉండాది. పద."

సెంటర్‌లో పాత పాఠం స్పీకర్లో పెట్టాం. పక్కన మైకు, ఈసారి టిక్కు పెట్టి రికార్డింగు మొదలెట్టిన మరో కంప్యూటర్ ముందు సార్. తన గొంతు "ఈడ పట్టుకోండి" అన్నప్పుడల్లా ఆయన చెయ్యి సరిగ్గా అక్కడికి వెళ్లింది. మూడో పాఠంలో పాత గొంతు ఏదో చెబుతూ నవ్వింది. సార్ చెయ్యి ఆగిపోయింది. ఆ నవ్వు అయిపోయేదాకా విని, మళ్లీ మౌసు కదిపారు. వెనక నిలబడ్డ నేను ఇక ఆపుకోలేకపోయాను.

వారం రోజుల్లో పద్దెనిమిది పాఠాలూ బాణంతో సహా సిద్ధమయ్యాయి. ఎన్నో బ్యాచ్‌లు వాటితోనే నేర్చుకున్నాయి. కడపలో కొత్త సెంటర్ పెట్టినప్పుడూ అవే సీడీలు. సుబ్బన్నతో కలిసి నేను అక్కడికి వెళ్లిన రోజు ఒక కుర్రవాడు లేచి అడిగాడు.

"సార్, మూడో పాఠంలో ఎవురో 'తప్పైంది సార్, తప్పైంది సార్' అని ముక్కు చీదుతా ఏడుస్తాండాడే, ఆయప్పెవరు?"

"మా సెంటర్ ఇంజనీరు" అన్నాను.

ఆ రోజే, సుబ్బన్నశెట్టి గారి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎంత పశ్చాత్తాపం ముంచుకొచ్చినా సరే, ముందు మైకు ఆపి, ఆ తర్వాతే ఏడుస్తాను.