ఓడకు పైకప్పు

ముదిగుబ్బలో నేను సోషల్ టీచర్ని. పోయినేడు బడి ఎగ్జిబిషన్‌లో, రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిపోయిన ఒక బ్రిటిష్ యుద్ధనౌకను అట్టలతో చేసి పెట్టాను. దాని పక్కలకు అడుగు మందం ఉక్కు తొడిగారని గొప్పగా చెబుతుంటే, గొర్రెలు కాసే ఒక అవ్వ, మా విద్యార్థిని నాయనమ్మ, అడ్డు తగిలింది.

“మరి పైన ఏం కప్పినారు సారూ?”

“పలచని ఉక్కే అవ్వా. దాన్ని ముంచిన గుండు పైనుంచే పడిందంటారు.”

“మేమూ దొడ్డి సుట్టూ కంప ఎత్తుగా ఏసినాము. చిరత చెట్టెక్కి లోపలికి దూకినాది. గొర్రెలకు బయటపడే దావ ల్యాకపాయ.” అట్ట ఓడలోకి తొంగిచూసి అడిగింది. “ఓడలో మనుషులు ఉండిరా?”

“వెయ్యిమందికి పైనే. ముగ్గురే బతికారు.”

పదేళ్లుగా ఆ ఓడ పాఠం చెబుతున్నాను. లోపలి మనుషుల గురించి అడిగింది ఆమె ఒక్కతే.