నోరు తెరిచిన ఫోటో

చిట్కుల్ ఊళ్లో మా ఇంటి వెనక గదిలో ఒక కిరాయిదారు ఉండేవాడు. జోగిపేట మనిషి, మందుల కంపెనీలో పని. అద్దం పగిలిన ఫోనుతో రోజూ మా దండెం మీది బట్టలనే ఫోటో తీసేవాడు. “మంచి కెమెరా కొనుక్కోరాదే!” అని పక్కింటివాళ్లు ఎగతాళి చేస్తే నవ్వేవాడు. ఎట్లుందని ఎవరినీ అడిగేవాడు కాదు. తనే చూసుకుని, “ఇయ్యాల కుదరలే, రేపు సూద్దాం” అనుకునేవాడు.

మా ఆయన పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఆధార్ ఫోటోనే పెద్దది చేయించాం. అందులో ఆయన పట్టుబడ్డ దొంగలా ఉంటాడు. నాకా గతి వద్దని, పట్టుచీర కట్టుకుని కిరాయిదారు ముందు బిగుసుకుని కూర్చున్నాను. తీశాడు, చూశాడు.

“కుదరలే పెద్దమ్మా.”

ఇంకోరోజు చెప్పులతో వంటింట్లోకి వచ్చిన మా ఆడబిడ్డను తిడుతుంటే టక్కున తీశాడు. “కుదిరింది!” అని మురిసిపోయాడు.

“నోరు తెరిచిన ఫోటోకు దండేస్తరారా? నీ తెలివి మన్నువడ!”

“నువ్వు గిట్లనే ఉంటవ్ గద పెద్దమ్మా.”

గది ఖాళీ చేసేటప్పుడు దాన్ని ప్రింటు తీయించి ఇచ్చిపోయాడు. ముందుగానే గోడకు పెట్టించాను. దండకు ఇంకా టైముంది. ఈలోపు ఇంటికి వచ్చినవాళ్లంతా ఆ ఫోటో చూసి, చెప్పులు గుమ్మం బయటే విప్పుతున్నారు.