అమ్మన్న గారి సరుకుల చార్టు

అమ్మన్న గారికి ఒకటే పిచ్చి. వారం సరుకుల లిస్టు. పేకాట లేదు, చుట్ట లేదు, రాజకీయాలు మాట్లాడరు, క్రికెట్ చూడరు. శనివారం సాయంత్రం నాలుగయ్యేసరికి పెద్ద తెల్లకాగితం, స్కేలు, అయిదు రంగుల పెన్సిళ్లు ముందేసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఆ రెండు గంటలూ ఇంట్లో మిక్సీ తిప్పకూడదు, సీరియల్ పెట్టకూడదు, వీలైతే దగ్గకూడదు. ఆరింటికి లిస్టు విడుదలవుతుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ లిస్టు సంగతి తెలియనివాళ్లెవరైనా ఉంటే వాళ్లు నిన్న మొన్న ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాళ్లయి ఉండాలి.

ముప్పై నాలుగేళ్లు కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారాయన. ఏ బండి ఎక్కడుంది, దేన్ని ఆపాలి, దేన్ని ముందు వదలాలి అని రోజంతా చార్టు మీద గీతలు గీయడమే డ్యూటీ. రిటైరైన రోజున దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపారు గానీ చేతిలో పెన్సిలు లాక్కోవడం మర్చిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆయన కంటికి ఫ్రిజ్ కనపడింది. తలుపు తీసి చూసి, "ఇదేటి శారదా, ఇది యార్డా, చెత్తకుండీయా?" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి శారదమ్మ గారి వంటిల్లు కంట్రోల్ ఆఫీసు కిందికి వచ్చేసింది.

కోడలు శ్వేత పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు ఆయనే దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పారు.

"చూడమ్మా. ఆకుకూరలు ఎక్స్‌ప్రెస్సులు. ఎక్కడా ఆగకూడదు. ఆదివారం కొంటే సోమవారం రాత్రికల్లా కంచాల్లోంచి పాసైపోవాల. బెండ, వంకాయ, టమాటా ప్యాసింజర్లు. గురువారం దాకా మెల్లగా నడపొచ్చు. కంద, గుమ్మడి, ఉల్లి గూడ్సు బళ్లు. పక్కకి లూప్ లైన్లో పెట్టి మర్చిపోయినా నోరెత్తవు."

"మరి పప్పులు, మావయ్యా?"

"అవి ఇంజన్లు. అవి లేకుండా ఏ బండీ కదలదు. రోజూ ఉండాల."

"పంచదార?"

"దానికి కాషన్ ఆర్డరు. నెమ్మదిగా పోవాల."

శ్వేత అదే ఊళ్లో దయాల్‌బంద్ పేటలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. ఆ చార్టులో మాత్రం పేర్లు కూడబలుక్కునేలోపే రంగులు సగం చెప్పేస్తాయి. ఆకుపచ్చ గీత ఆకుకూర, ఎర్ర గీత పళ్లు, గోధుమరంగు గీత పప్పులు. బియ్యం, నూనె, గ్యాసు కాక నలుగురికి వారానికి పద్దెనిమిది వందలు. కూరలు, పళ్లు, పప్పులు, గుడ్లు, ఆదివారం అర కిలో మటన్ అన్నీ అందులోనే. రోజుకొక ఆకు, రోజుకొక పండు, రోజూ పప్పు. ఏదీ కుళ్లకూడదు, ఏదీ మిగలకూడదు. నిజం చెప్పాలంటే ఆయన రిటైరైన ఈ ఏడేళ్లలో ఆ ఇంట్లో ఒక్క టమాటా కూడా చెత్తబుట్ట మొహం చూడలేదు.

లిస్టులో లేనిది ఇంట్లోకి రావడానికి వీల్లేదు. బుధవారీ బజారులో భాజీ, అంటే ఆకుకూరలు, అమ్మే ముసలామె ఒకసారి అలవాటుగా గుప్పెడు కొత్తిమీర ఊరికే సంచిలో వేయబోయింది.

"రుకో," అన్నారు అమ్మన్న గారు.

"అరే బాబూ, ఫ్రీ హవయ్," అందామె.

"ఫ్రీ అయితే ఏటి? లిస్టులో లేదు." వెనకాల పదిమంది నిలబడి చూస్తుండగా చార్టు విప్పి, చెవి మీది పెన్సిలు తీసి, అడుగున "కొత్తిమీర, గుప్పెడు, సున్నా రూపాయలు" అని రాసి, చిన్న గీత గీసి, అప్పుడు సంచి తెరిచారు. ఆ రోజు నుంచి ఆమె ఆయన్ని దూరం నుంచి చూడగానే కొత్తిమీర ముందే పైకెత్తి చూపిస్తుంది.

చుట్టాలకి కూడా ఇదే రూలు. శారదమ్మ గారి తమ్ముడు అప్పారావు నెహ్రూ నగర్‌లో ఉంటాడు. ఒక గురువారం మధ్యాహ్నం చెప్పకుండా భోజనానికి ఊడిపడ్డాడు. అమ్మన్న గారు గుమ్మంలోనే ఆపేశారు.

"ఏటి అప్పారావూ, స్పెషల్ బండిలాగ ఇలగొచ్చేసావు? నీకు చార్టులో దారి లేదే!"

"ఆకలేస్తోంది బావా!"

"ఉండు మరి. లూప్ లైన్లో కంద ఉంది, దాన్ని లాగాల." కంద ఉడికేదాకా అప్పారావు వరండాలో ముప్పావుగంట కూర్చున్నాడు. తిన్నాక మాత్రం కూర బాగుందని రెండుసార్లు మెచ్చుకున్నాడు. ఇప్పుడు వచ్చినప్పుడల్లా కాలనీ గేటు దగ్గర నుంచే ఫోను చేస్తాడు. "బావా, ఔటర్లో నిలబడ్డాను, సిగ్నల్ ఇస్తావా?"

ఇలాంటి ఇంట్లో శ్వేతకి ఒక కష్టం వచ్చింది. మూడేళ్లు రాత్రీ పగలూ చదివి స్టేషన్ మాస్టర్ పరీక్ష పాసైంది. ఇక మిగిలింది రైల్వే ఆసుపత్రిలో మెడికల్ ఒక్కటే. ఆ మధ్య నీరసంగా ఉంటోందని దసరాకి వారం ముందు ఎవరికీ చెప్పకుండా బయట రక్తపరీక్ష చేయించుకుంది. రక్తం పన్నెండు ఉండాల్సింది ఎనిమిదిన్నరే ఉంది. "ఇలాగే వెళితే అక్కడ నిన్ను ఫిట్ చేయరమ్మా. మూడు నెలల టైముంది కదా, పెంచుకో," అని డాక్టరు మాత్రలు రాసి, బాగా తినమన్నాడు. బాగా అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు.

ఇంట్లో చెప్పుకుందామా అంటే భయం. అత్తగారు మంచిదే. మంచిది కాబట్టే ప్రమాదం. "అయ్యో, నా తల్లికి రక్తం లేదట" అని సాయంత్రానికి కాలనీలో అన్ని గుమ్మాలకీ చెప్పి, మర్నాటి నుంచి మంచం దిగనివ్వదు. ఆపైన "ఇంత నీరసంలో నీకు ఉద్యోగమెందుకే" అంటుంది. భర్త శివాజీ గూడ్సు బళ్ల మీద గార్డు. అతనికి చెబితే వాళ్లమ్మకి చెబుతాడు. అందుకని శ్వేత మాత్రలు హ్యాండ్‌బ్యాగు అడుగున దాచింది. రెండ్రోజులు వేసుకుంటే మూడో రోజు మర్చిపోయేది.

సరిగ్గా దసరా దాటిన శనివారం అమ్మన్న గారి చార్టుకి ఏదో పూనింది. ఆరింటికి లిస్టు విడుదలైంది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

"నాన్నా, ఆదివారం మటన్ ఏదీ? ఇక్కడ కార్జం అని ఉంది!" అన్నాడు శివాజీ.

"అర కిలో మటన్ డబ్బుల్లో పావు కిలో కార్జం, పన్నెండు గుడ్లూ వస్తాయిరా. బడ్జెట్టు."

"మావయ్యా, యే క్యా హై? కిలోన్నర బీట్‌రూటా!" అంది శ్వేత.

"చవగ్గా ఉందమ్మా. బడ్జెట్టు."

"లాల్ భాజీ వారానికి నాలుగుసార్లా? మునగాకు రెండుసార్లా? పొద్దున్నే రాగి చోళ్ల అంబలా? అటుకుల పోహా ఏదీ?"

"పోహాకి ఈ వారం లైన్ క్లియర్ రాలేదు."

ఆఖరి గీత దగ్గర శారదమ్మ గారు కళ్లజోడు సర్దుకుని కేకేశారు. "భోజనమయ్యాక గంట దాకా టీ బంద్ అని రాసారేటండీ?"

"లైన్ బ్లాకు. టీకి బదులు నిమ్మకాయ నీళ్లు. గంట తర్వాత సిగ్నల్ ఇస్తాను."

"నలభై ఏళ్ల సంసారంలో ఈ ఇంట్లో నా మాట విన్నది ఆ టీ ఒక్కటే. దాని మీదా మీ కన్ను పడిందీ?"

ఇంట్లో తిరుగుబాటు మొదలైంది. నాయకురాలు శ్వేతే. లిస్టు దగ్గర మామగారితో ముఖాముఖి నిలబడే ధైర్యం ఆ ఇంట్లో ఆమెకే ఉంది. "బీట్‌రూట్ హటావ్, ఘర్ బచావ్" అని హిందీలో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. అమ్మన్న గారు నిలబడి మొత్తం చదివారు. కాగితం కొంచెం వంకరగా ఉంటే సరిచేసి అంటించారు. తర్వాతి వారం లిస్టులో బీట్‌రూట్ ఇంకో పావు కిలో పెరిగింది.

శివాజీ వేరే దారి తొక్కాడు. డ్యూటీ దిగి వస్తూ గార్డు పెట్టెలో సమోసాలు పెట్టుకొచ్చేవాడు. రెండో రోజుకే దొరికిపోయాడు. "పెట్టెలో ఉండాల్సింది జెండాలు, దీపం. వాము వాసన ఎలగొస్తాది?" అని అమ్మన్న గారు పెట్టె తెరిపించారు. సమోసాలు ముష్టివాళ్ల పాలయ్యాయి. అయితే అమ్మన్న గారిని పక్షపాతి అనడానికి మాత్రం లేదు. అందరికంటే ముందు ఆయనే కూర్చునేవారు. బీట్‌రూట్ కూర ఎర్రగా అన్నంలో కలుపుకుని, "అబ్బా, అమృతం," అంటూ మారు వడ్డించుకునేవారు. ఆయన అలా తింటూంటే తక్కినవాళ్లు తినక ఏం చేస్తారు? తిట్టుకుంటూ తిన్నారు. శ్వేత అందరికంటే గట్టిగా తిట్టుకుంటూ, అందరితోపాటే తింది.

మూడు నెలలు గడిచాయి. మెడికల్ రోజున శ్వేత దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. కళ్లు చూశారు, చెవులు చూశారు, బరువు చూశారు, రక్తం తీశారు. రిపోర్టు వచ్చేదాకా బల్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది. మూడేళ్ల చదువు ఆ కాగితం మీద ఆధారపడి ఉంది. రిపోర్టు వచ్చింది. రక్తం పన్నెండు పాయింట్ ఒకటి. ఫిట్. నమ్మలేక ఆ అంకెని మూడుసార్లు చూసుకుంది.

రక్తం తీసిన ఝాన్సీ సిస్టర్ ఆమె వెనకే బయటికి వచ్చింది. "శివాజీ వాళ్లావిడవి కదూ నువ్వు? అమ్మన్న గారి కోడలివి?"

"అవును సిస్టర్."

"హమ్మయ్య. ఇంక మీ మావగారు నా జోలికి రారు. మూడు నెలలమ్మా! ప్రతి శుక్రవారం నా డ్యూటీ అయ్యేసరికి ఆ చార్టు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. 'సిస్టరమ్మా, మా సెక్షన్లో ఒక ఇంజను వీకుగా ఉంది. పద్దెనిమిది వందల్లో ఎంత ఇనుము వస్తాది?' అని ఒకటే గోల. భోజనం మీద టీ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదమ్మా అని ఒకసారి అన్నాను. నిమ్మకాయ అయితే మంచిదన్నాను. అవి కూడా రాసుకున్నారు. కార్జం ఆదివారమా బుధవారమా అని దాని మీద ఒక అరగంట!"

శ్వేత రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆటో ఎక్కింది గానీ ఎక్కడ దిగాలో చెప్పడం మర్చిపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మన్న గారు వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

"మావయ్యా, ఫిట్ చేశారు."

"అచ్ఛా. మంచిదమ్మా. ఆ పళ్లెం ఇటు జరుపు."

"మీకెలా తెలిసింది?"

"ఏటి తెలియడం?"

"ఝాన్సీ సిస్టర్ అంతా చెప్పేసింది."

బఠాణీల మీద ఆయన చెయ్యి ఆగింది. "ఆవిడతో ఇదే చిక్కు," అని ఇంకో కాయ ఒలిచారు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పారు. "మన క్వార్టర్ మెట్లు ముప్పై ఆరు. పెళ్లయి వచ్చినప్పుడు అర నిమిషంలో ఎక్కేసేదానివి. దసరా ముందు నుంచి సగం మెట్ల దగ్గర గోడ పట్టుకుని ఆగుతున్నావు. ముందు ఒక నిమిషం, తర్వాత రెండు నిమిషాలు. నేను వరండాలో కూర్చునే ఉంటాను కదా. బండి ఎక్కడ లేటవుతోందో చూడటమే నా ఉద్యోగం, నాకు తెలీదేటమ్మా? సిస్టరమ్మనడిగితే రక్తం తక్కువై ఉంటాది, ఇనుము పెట్టండి అంది."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు దాచుకున్నావు కదా. అడిగితే ఇంకా లోపలికి దాచుకుంటావు. మీ అత్తకి తెలిస్తే నిన్ను మంచం మీద పడుకోబెడతాది. నీ ఒక్కదాని కంచంలో పెడితే అది మందమ్మా. నలుగురం కూర్చుని తింటే కూర. అందుకని అందరికీ రాసేసాను."

శ్వేతకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఈ మనిషి మీదనా తను ఫ్రిజ్‌కి పోస్టరు అంటించింది! వెంటనే వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆయన కంగారుపడి బఠాణీలు సగం కింద పారబోశారు.

లోపల నుంచి శారదమ్మ గారు విసురుగా వచ్చారు. అంతా విన్నట్టే ఉన్నారు. "అంటే మూడు నెలలు నా టీ ఆపింది దీనికా? ముందే నాతో చెబితే ఏడాదైనా మానేసేదాన్ని కాదేటండీ!" అని కళ్లు తుడుచుకుని, కోడలి తల నిమిరి, అదే ఊపులో లోపలికి వెళ్లి స్టవ్వు మీద టీ పెట్టేశారు. భోజనమై ఇంకా పావుగంట కాలేదు. అమ్మన్న గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

శ్వేత కింద పడిన బఠాణీలు ఏరుతూ, "మావయ్యా, వచ్చే వారం నుంచి మీరు మటన్ పెట్టండి, పోహా పెట్టండి, ఏమైనా పెట్టండి. కానీ బీట్‌రూట్ మాత్రం ఉంచేద్దాం. ఇంట్లో అది ఇష్టంగా తిన్నది మీరొక్కరే కదా. రోజూ మీ కోసం నేనే వండుతాను," అంది.

అమ్మన్న గారి మొహం మారిపోయింది. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, రెండు చేతులూ జోడించారు.

"వద్దమ్మా తల్లీ, నీకు పుణ్యముంటాది. పుట్టి బుద్ధెరిగిన కాడ నుంచి నాకది చూస్తేనే కడుపులో తిప్పుతాది. ఈ మూడు నెలలూ ఎలగ మింగానో ఆ సింహాద్రి అప్పన్నకే తెలుసు!"