శౌరయ్యగారి రాజు నడక

శౌరయ్యగారు కాలవ లాకుల దగ్గర లస్కరు. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి, నీళ్ళు సమం అయ్యేదాకా కూర్చుని, మళ్ళీ తెరవడం ఆయన పని. ఆ కూర్చునే వేళల్లోనే పడవవాళ్ళతో ఆడి చదరంగం నేర్చుకున్నాడు.

1974లో గవర్నర్‌పేట రీడింగ్ రూములో జిల్లా పోటీ. చివరి ఆట ఆయనకూ నాకూ. పోటీలో మొదట నిలిచినవాడు హైదరాబాదులో రాష్ట్ర పోటీకి వెళ్తాడు. అర పాయింటు ముందున్నాను కాబట్టి నాకు డ్రా అయినా చాలు, ఆయన మాత్రం నెగ్గి తీరాలి. ఓపెనింగుల పుస్తకం అట్టలూడేదాకా చదివినవాణ్ణి నేను. నా బంట్లు రెండేసి గడులు వేసి బోర్డు మధ్యకు వచ్చాయి. ఆయన ప్రతి బంటునూ ఒక్క గడే జరుపుతున్నాడు.

“ఏం శౌరన్నా, ఇక్కడ రెండు గడులు పోనిస్తారంట గదా. నీ బంట్లకి కాళ్ళనొప్పులా?” అన్నాడు చూడవచ్చిన తోటి లస్కరు జక్కయ్య.

“తొందరేముందిరా, సాయంత్రం దాకా సెలవు పెట్టా.”

మన పాత ఆటలో బంటుకు ఎప్పుడూ ఒక్క గడే. రాజు మాత్రం ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. పదో ఎత్తులో శౌరయ్యగారి చెయ్యి అలవాటుకొద్దీ రాజును అలా దూకించేసింది.

నేను చెయ్యెత్తాను. పోటీ నడిపే డ్రిల్లు మాస్టారు హనుమయ్యగారు వచ్చారు. “ఇక్కడ అది చెల్లదు శౌరయ్యా. రాజును ముట్టుకున్నావు కాబట్టి రాజునే కదపాలి.”

ఆయన రాజును మళ్ళీ పాత గడిలో పెట్టాడు. “ముట్టుకున్నది నేనే గదండీ” అంటూ రాజును ఒక గడి ముందుకు జరిపాడు. రాజు కదిలాడు కాబట్టి ఇక ఏనుగు చాటున కోట కట్టుకునే వీల్లేదు. పుస్తకం ప్రకారం ఆట నాదే.

మధ్యను తెరవబోయాను. తెరుచుకోలేదు. ఒక్కో గడే నడిచిన ఆ బంట్లు భుజం భుజం కలిపి నిలబడ్డాయి. గుర్రాన్ని బలిచ్చి ఒకదాన్ని తప్పిస్తే, దాని వెనక ఇంకొకటి. వాటి చాటున రాజు ఒక్కో గడే నడుచుకుంటూ మంత్రి వైపు మూలకు చేరాడు. నా దాడి ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియలేదు. ఆపైన ఆయన బంట్లు బయల్దేరాయి. యాభై మూడో ఎత్తుకు ఓటమి ఒప్పుకుని నా రాజును పడుకోబెట్టాను.

“దూకినచోటే ఉంటే రాజు చచ్చేవాడు బాబూ” అన్నాడు మెల్లగా. “అటు మీ గుర్రాలు కాచుకునున్నాయి. మీరు మాస్టార్ని పిలవబట్టి బతికాడు.”

ఇంటికి పోయి బోర్డు మీద పేర్చి చూశాను. నిజమే.

ఆయన హైదరాబాదు రైలెక్కేనాడు స్టేషనుకు వెళ్ళి నా పుస్తకం చేతిలో పెట్టబోయాను.

“వద్దు బాబూ. చదివితే రెండేసి గడులు పోబుద్ధవుద్ది.”